నడిమికి కోసిన నవల

ఫాల్గుణ మాసం, బహుళ విదియ, శనివారం, రాత్రి పదకొండు గంటల నలభై నిమిషాలు. ప్రొద్దుటూరు బజారులో రంగయ్య శెట్టి గారి పుస్తకాల అంగడి ముందు, మా జేజి నా మణికట్టు పట్టుకొని గడియారాన్ని వీధిదీపం వైపు తిప్పి, "పన్నెండు కాను ఇంకా ఎంతసేపుండాది పాపా?" అని అడిగిన ఘడియ అది. మా వంశంలో పట్టా పుచ్చుకున్న తొలి మనిషిని నేనే కావడం వల్ల, ఏ సంగతి రాసినా తిథి, వారం, గంట రాసి మొదలుపెట్టాలనే నియమం నాకు అలవాటైపోయింది. సంవత్సరం మాత్రం రాయను. పెళ్ళి సంబంధానికి వచ్చినవారు అబ్బాయి చదువు కంటే ముందు అబ్బాయి పార్టీ ఏదని అడిగే కాలమది. ఆ సంవత్సరాలన్నీ ఒకదానినొకటి పోలి ఉండేవి.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం పులివెందులలో ఈ మధ్య జరిగిన ఒక పెళ్ళి. భోజనాల వరుసలో నుంచి ఒకామె లేచి వచ్చి, తాను మా ఊరి కిందవీధి పుల్లప్ప కూతురినని చెప్పి, నా చేతిలో ఒక గుడ్డసంచి పెట్టింది. తండ్రి పోయాక పెట్టె సర్దుతుంటే దొరికిందట. "మీకియ్యమని మా నాయన ఎప్పుడూ చెప్తాండె" అన్నది. సంచిలో ఒక నవల. కాగితాలు పసుపెక్కాయి, అట్ట మూలలు అరిగిపోయాయి, నడుమ నిలువునా కోసిన గీత ఉంది. వెన్ను మీద మాత్రం నల్లని మేకవెంట్రుకల దారంతో వేసిన కుట్లు ఒక్కటీ సడలలేదు. పదిమంది చూస్తున్నారని కూడా లేకుండా దానిని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఇంటి వాసన ఇంకా మిగిలి ఉంది.

మా ఇల్లు చాపాడు దాటి లోపలికి వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరి పైవీధిలో ఉండేది. గొర్రెల ఇల్లు. కంబళ్ళ వాసన, తడిసిన ఉన్ని వాసన, పొయ్యి మీద ఉడికే సంగటి వాసన కలిసిపోయి, ఏది ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. ప్రొద్దుటూరు కళాశాలలో నా పక్కన కూర్చున్న అమ్మాయి మొదటి వారమంతా ముక్కు పక్కకు తిప్పుకొన్నది. చలికాలం వచ్చాక నా కంబళిలో సగం తానే కప్పుకొనేది. మా జేజికి, అంటే మా నాయనను కన్న తల్లికి, ఒక్క అక్షరం రాదు. కానీ వారపత్రిక వచ్చే గురువారం నాడు ఆమె ఇంటిని నడిపే తీరు చూస్తే పత్రిక కార్యాలయం మా దొడ్డిలోనే ఉన్నదనుకోవాలి. గొర్రెలను దొడ్డిలోకి తోలి, లాంతరు గాజు తుడిచి, ఒడిలో వేరుశనగకాయలు పోసుకొని కూర్చునేది. నేను కళాశాల గది నుంచి ఆ సాయంత్రం బస్సుకు వచ్చి సీరియల్ చదవాలి. నోట్లో ఏదీ ఉండకూడదు. కథానాయిక హేమలత మాట్లాడే చోట గొంతు తగ్గించాలి. మా నాయన దగ్గకూడదు. దగ్గు వస్తే బయటికి వెళ్ళి దగ్గి రావాలి.

ఊరిలో రెండు పార్టీలు. పైవీధి ఒకటి, కిందవీధి ఒకటి. ఏ వీధిలో ఇల్లుంటే ఆ పార్టీ. ఎవరూ ఎవరినీ అడిగి చేర్చుకోలేదు. టీ అంగళ్ళు రెండు, చవితికి వినాయకులు ఇద్దరు, వారపత్రికకు ప్రతులు కూడా రెండు, వీధికొకటి. వరస పిలుపులు ఆగిపోయాయి. అంతకుముందు జేజిని "అత్తా" అని పిలిచే పుల్లప్ప, ఆ తరువాత ఎదురుపడితే ఏ పిలుపూ లేకుండా పక్కకు తప్పుకొనేవాడు. వీటన్నిటికంటే మా ఇంటిని బాగా తాకినది మరొకటి. మా ప్రాంతంలో కోత అయిన చేలో రాత్రికి గొర్రెల మందను పడుకోబెడతారు. తెల్లవారేసరికి ఆ చేనికి ఏడాదికి సరిపడే ఎరువు, మందవారికి గింజలు. పార్టీలు వచ్చాక మా మంద కిందవీధి చేల వైపు తల తిప్పడం మానేసింది. గొర్రెలకు ఆ సంగతి చెప్పడం కష్టమైంది. అవి పాత అలవాటుతో అటే నడిచేవి, మా నాయన అదిలించి ఇటు మళ్ళించేవాడు.

వేసవి మొదలవుతూనే మంద నల్లమల అడుగుకు వెళ్ళి వానలు పడేదాకా అక్కడే తిరిగేది. మందతో వెళ్ళినవారికి వండిపెట్టేది జేజి. ఆ ఏడు బయలుదేరవలసినది సరిగ్గా ఆ ఆదివారం తెల్లవారుజామున. అడవి అంచున వారపత్రిక ఉండదు, చదివేవారూ ఉండరు. ఇక్కడే పెద్ద చిక్కు వచ్చి పడింది. హేమలత తన భర్తకు విషం పెట్టి చంపిందని కేసు. విడుదలై పాత బంగళాకు వచ్చి, పై అంతస్తులో మూసి ఉన్న గది గడియ మీద చేయి వేసింది. లోపల ఎవరో దగ్గారు. అంతటితో సీరియల్ ఆపేసి, మిగతాది పుస్తకంలో చదువుకొమ్మని పత్రికవారు వేశారు. జేజి మూడు పూటలు సంగటి సరిగా తినలేదు.

"ఆ గదిలో ఉండేది సచ్చిపోయిందనుకుంటాండే హేమలత వాళ్ళ అమ్మే పాపా. ఆ దగ్గు ఆడమనిషిదే. తెలుసుకోకుండా నేను అడివికి పోయి ఏం వండేది? ఉప్పేసినానో లేదో గూడా తెలీదు."

పుస్తకం ఆదివారం తారీఖు కంటే ముందు అమ్మరాదని ప్రచురణకర్తల షరతు. కట్టలు శనివారం రాత్రి రైల్లో ఎర్రగుంట్ల జంక్షన్‌కు వస్తాయి. జమ్మలమడుగులో మరొక అంగడి ఉన్నది. వారు తెల్లవారి ఆరింటికి తలుపు తీస్తామని చాటించారు. రంగయ్య శెట్టి గారు ప్రధానంగా వర్తకులకు ఖాతా పుస్తకాలు కుట్టి అమ్మేవారు. నవలలు ఆయనకు ముచ్చట. ఆయన ఒక పూట ఆలోచించి, తారీఖు మారేది పన్నెండు గంటలకే కదా అని అంగడి ముందు పలక పెట్టించారు. నాకు తెలిసినంతలో మా జిల్లాలో నడిరాత్రి పుస్తకం అమ్మడం అదే మొదలు. పులివెందుల నుంచి, జమ్మలమడుగు నుంచి జనం ఆఖరు బస్సులకే దిగి ఉన్నారు. అంగడి గడప నుంచి బంగారు నగల అంగళ్ళ మలుపు దాకా వరుస. సెకండ్ షో వదిలినవారు ఇదేదో మూడో ఆట అనుకొని వచ్చి నిలబడ్డారు. నలుగురు కూడితే చెదరగొట్టవలసిన పోలీసు ఒకాయన వచ్చి, సంగతి కనుక్కొని, తన భార్య కోసం తానూ వరుసలో నిలబడ్డాడు. మైదాబంక వాసన, కొత్త అట్టల కాలికో గుడ్డ వాసన, పక్క బండి మీద ఉగ్గాని తిరగమోత వాసన. జేజీ నేనూ ముందు నుంచి పదిమందిలో ఉన్నాము.

అప్పుడు జీపు వచ్చింది.

ఆ రోజులలో జీపు అంటే ఏమిటో చెప్పాలి. రాత్రిపూట, పైన పట్టా కప్పి, వెనుక పెట్టెలతో, బజారులోకి మలుపు తిరుగుతూనే దీపాలు ఆర్పేసిన జీపు అంటే బాంబులతో ఎదుటి పార్టీవారు వచ్చారని మా వైపు చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేది. ఆ డ్రైవరు అంతకుముందు ఒక పార్టీ నాయకుడి దగ్గర పనిచేసిన మనిషి అట. ఊరిలోకి వస్తూ దీపాలు ఆర్పడం చేతికి అలవాటైపోయింది. పుస్తకాల కట్టలు తెస్తున్నప్పుడు ఆ అవసరం లేదని ఆయనకు తోచలేదు. "జీపు!" అని ఎవరో ఒక్క కేక వేశారు. కళ్ళు మూసి తెరిచేలోగా వరుస లేదు. చెప్పులు మాత్రం వరుసగా ఉన్నాయి. నేను జేజిని లాక్కొని ఒక నగల అంగడి అరుగు కిందికి దూరాను. అక్కడ చీకటిలో అప్పటికే ఒక పెద్ద ఆకారం ముడుచుకొని ఉంది. మీసాలు కనిపించాయి. కిందవీధి పుల్లప్ప.

జేజి కాసేపు తేరిపార చూసింది. "పార్టీ మనిషివి. నువ్వు గూడా దాక్కుంటాండావే?"

"నాకు తెలుసు గాబట్టే దాక్కున్న్యా. తెలీనోళ్ళు నిలబడతారు."

"ఈడికి యాలకు వచ్చినావు?"

"మా ఇంటామెకు ఆ పుస్తకం కావల్లంట."

"అట్లనా. ఆ గదిలో ఎవురుండారంటాంది మీ ఇంటామె?"

"మరిదే!" అన్నాడు పుల్లప్ప ఆవేశంగా, ముందుకు వంగి. "విషం పెట్టింది వాడే. పదో వారంలో పాలగ్లాసు కడిగింది ఎవురు? వాడు గాదా? ఆ హేమలతకు బుద్ధి లేదు గాని..." అని నాలుక కరుచుకొన్నాడు.

"మీ ఇంటామె శానా బాగా చదివింది," అన్నది జేజి.

బయట శెట్టి గారు బతిమాలుతున్నారు. "అప్పా, పుస్తకాలప్పా! కాగితాలప్పా! రండప్పా, ఎవురూ సచ్చిపోరు!" ఒక కట్ట విప్పి, ఒక ప్రతిని రెండు చేతులతో పైకెత్తి చూపారు. జనం ఒక్కొక్కరే అరుగుల కింద నుంచి, బండ్ల వెనుక నుంచి బయటికి వచ్చి, ఎవరి చెప్పులు వారు వెతుక్కొని మళ్ళీ వరుస కట్టారు. కానీ ఇది పాత వరుస కాదు. దూరంగా పరుగెత్తలేనివారు ముందుకు వచ్చారు. బాగా దాక్కున్నవారు వెనుకబడ్డారు. మేము అందరికంటే బాగా దాక్కున్నాము. జేజీ నేనూ పుల్లప్పా ఒకేసారి అంగడి గడప తొక్కేసరికి బల్ల మీద ఒక్క ప్రతి మిగిలింది.

మా ముగ్గురినీ చూసేసరికి శెట్టి గారికి నిలువునా చెమట పట్టింది. ఎవరు ఏ వీధివారో ఆయనకు తెలుసు; ప్రొద్దుటూరులో వ్యాపారం చేసేవారికి అది తెలియక కుదరదు. ఆ పుస్తకం మాకిస్తే పైవీధి పార్టీ శెట్టి, ఆయనకిస్తే కిందవీధి పార్టీ శెట్టి.

"తెల్లారితే నేను అడివికి పోతాండా," అన్నది జేజి. "వానలొచ్చేదాకా రాను."

పుల్లప్ప తల గోక్కొని, గొంతు తగ్గించి అన్నాడు. "తెల్లారితే నేను జమ్మలమడుగు పోతాండా. రేపు ఆదివారం లాయరు కాడ, ఎల్లుండి కోర్టులో. ఆ పాత కేసుది. ఆడనించి లోపలికే. ఎన్ని వానలో నాకు తెలీదు."

శెట్టి గారు పుస్తకం వైపు చూశారు, మా వైపు చూశారు, ఖాతా పుస్తకాలు కోసే కత్తి వైపు చూశారు. మా వైపు పంచాయితీలలో తెగని తగవును అలాగే తెంచుతారు. ఎద్దులబండి అయితే చక్రం ఒకరికి, కాడి ఒకరికి. పనికి వస్తుందా రాదా అన్నది కాదు. సమంగా వచ్చిందా లేదా అన్నదే లెక్క. నేను "వద్దండీ!" అనేలోగా ఆయన నవలను పరిచి, సరిగ్గా నడిమికి కత్తి దించి, రెండు సగాలు బల్ల మీద పెట్టారు. "ఇంగ నన్ను ఎవురూ ఏమనేది లేదు," అని ఊపిరి పీల్చుకొన్నారు.

అప్పుడు జరిగినది నేను చదివిన ఏ శాస్త్రమూ వివరించలేదు. తొలి సగం అంతా మేము పత్రికలో చదివేసినదే; కథ మిగిలి ఉన్నది రెండవ సగంలో. కానీ తొలి తాంబూలం, తొలి బంతి, తొలి బిందె అని ప్రాణాలు తీసుకొనే ఊరివారము మేము. జేజీ పుల్లప్పా ఇద్దరూ ఒకేసారి తొలి సగం మీద చేయి వేశారు.

"మొదటిది నాది. పైవీధిది ఎప్పుడూ మొదటిదే."

"ఎవురు చెప్పినారు? కిందవీధి రెండోదని యాడ రాసుండాది?"

"జేజీ," అని నేను కొంగు లాగాను. "జేజీ, అది వద్దు, ఇంకోటి..."

"నువ్వు గమ్మునుండు పాపా. మర్యాద సంగతి నీకు తెలీదు."

పెద్దావిడ అని శెట్టి గారు తొలి సగం ఆమెకిచ్చారు. పుల్లప్ప మొహం మాడ్చుకొని రెండవ సగం పట్టుకొని బయటికి నడిచాడు. జేజి గెలిచిన పొట్టేలులా బజారులోకి వచ్చింది. మైదుకూరు వైపు పోయే లారీ ఎక్కి, ముందు అద్దంలో నుంచి పడే వెలుగులో నేను ఆ సగం తెరిచి చూపించి, అందులో ఏమున్నదో, ఏమి లేదో మెల్లగా చెప్పాను. గది గడియ మీద హేమలత చేయి వేస్తుంది. ఆ పేజీతో మన సగం సరి.

జేజి ఆ సగాన్ని వెనక్కూ ముందుకూ తిప్పి చూసింది. "ఆ శెట్టికి బుద్ధుండాల్సింది," అన్నది చివరికి.

మంద మా ఊరి దారి పక్కన పైవీధివారి చేలో పడుకొని ఉంది. మా నాయన మూటలు కడుతున్నాడు. జేజి వచ్చీ రావడంతోనే కర్ర అందుకొని, ముందు పొట్టేలును లేపింది. ఇంకా చీకటి విడలేదని, ఇప్పుడే ఎక్కడికని మా నాయన అడిగాడు. "యాడికో నీకెందుకు? అవి యాడికి పోతే ఆడికి," అని ఆమె మందను అదిలించడం మానేసి ఊరకే నిలబడింది. అదిలించేవారు లేకపోయేసరికి గొర్రెలు పాత అలవాటుతో, దారి దాటి, నేరుగా కిందవీధి పుల్లప్ప చేలోకి నడిచి పడుకొన్నాయి. పైవీధివారు తెల్లవారి ఏమంటారోనని మా నాయన మూట వదిలేసి పైవీధి వైపు చూశాడు.

చేని గట్టు పక్క కళ్ళంలో పుల్లప్ప పడుకొనేవాడు. పార్టీల భయానికి ఇంట్లో పడుకోవడం మానేసి చాలా రోజులైంది. లాంతరు పట్టుకొని, రెండో చేతిలో కర్రతో వచ్చాడు. గొర్రెలను చూశాడు. జేజిని చూశాడు.

"ఏంది ఇది?"

"మంద. నీ చేను ఎన్నేండ్లనించో ఎండి పోయిండాది. చూడలేక తోలినా."

"గింజలు లేవు నాకాడ."

"గింజలు ఎవురడిగినారు? ఆ లాంతరు ఇట్ల పెట్టు. ఆ సగం పాప చేతికియ్యి."

పుల్లప్ప లాంతరు కింద పెట్టి, పంచె మడతలో నుంచి రెండవ సగం తీశాడు. అప్పటికి ఆయన ఒక్క పేజీ కూడా తిప్పలేదు. ఎందుకని అడిగితే, "వాకిట్లో మొదలు పెట్టకుండా నడింట్లోకి ఎట్ల పోయేది?" అన్నాడు. కర్ర గట్టు మీద పెట్టి, కంబళి మీద కూర్చొని, "ఇయ్యి పాపా. చదువు. బిన్నా చదువు, తెల్లారిపోతాంది," అన్నాడు.

నేను ఆ గడియ మీద చేయి వేసిన దగ్గర నుంచి మొదలుపెట్టాను. తలుపు వెనుక ఉన్నది తల్లీ కాదు, మరిదీ కాదు. హేమలత చంపిందని లోకమంతా నమ్మిన ఆమె భర్త, గడ్డం పెంచుకొని, ప్రాణాలతో మంచం మీద కూర్చొని ఉన్నాడు. జేజి చేతిలోని కర్ర జారిపోయింది. "ఓ నీ యవ్వ! బతికేవుండాడా!" అని ఆమె అరిచిన అరుపుకు సగం మంద లేచి నిలబడింది. ఆ తరువాత ఆమె నవ్విన నవ్వును నేను ఇంతవరకు ఏ సభలోనూ వినలేదు. మా నాయన దగ్గాడు. ఎవరూ బయటికి పొమ్మనలేదు.

పుల్లప్ప నవ్వలేదు. లాంతరు వత్తి కొంచెం తగ్గించి, "కథలో సచ్చినోళ్ళు ఎంత సులువుగా లేసొస్తారత్తా," అన్నాడు.

ఆ పిలుపు ఆయన నోటి నుంచి వచ్చిందని ఆయనకు తెలిసిందో లేదో నేను చెప్పలేను. జేజికి తెలిసింది. ఆమె మూటలో నుంచి గోనెలు కుట్టే దబ్బనం, మేకవెంట్రుకల దారం తీసింది. రెండు సగాలనూ తొడ మీద పేర్చి, కంబళి అంచు కుట్టినట్లు కుట్టింది. పళ్ళతో దారం తెంపి, పుస్తకం ఆయన చేతిలో పెట్టింది.

"నాకు చదువు రాదు, విన్న్యా గదా. నీకు లోపల పొద్దు పోదు. తీస్కపో అల్లుడా."

తూర్పు తెల్లబడింది. మంద లేచి నల్లమల దారి పట్టింది. పుల్లప్ప పుస్తకాన్ని టవలులో చుట్టుకొని జమ్మలమడుగు బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు. నేను ఆ పొద్దున కళాశాల గదికి తిరిగి వెళ్ళి, సాయంత్రం దాకా నిద్రపోయాను.

మా తమ్ముడి మనవరాలు బెంగళూరులో ఉంటుంది. ఈ మధ్య తనకు నచ్చిన నవల విడుదలైన రాత్రి, సరిగ్గా పన్నెండింటికి, దుప్పటి కప్పుకొని ఫోనులో తెరిచి, తెల్లవారేలోగా ఒక్కతే చదివేసింది. నేను ఆమెను తప్పు పట్టను. ఆమెకు జీపుకు భయపడవలసిన పని లేదు, అది చిన్న సంగతి కాదు. చివరకు ఏమైందని అడిగితే, "చెప్తే మీకు బాగుండదు అవ్వా, మీరే చదవండి," అన్నది. ఎంతో మర్యాదగా అన్నది. పులివెందుల నుంచి తెచ్చిన పుస్తకం ఆమెకు చూపించాను. కుట్ల మీద వేలు రాసి, ఇది ఎవరి బైండింగ్ అని అడిగింది. మా జేజిది అన్నాను.

ఆ రాత్రి తరువాత మా ఊరిలో పార్టీలు పోలేదు. టీ అంగళ్ళు రెండుగానే ఉన్నాయి, జీపులు చాలా ఏండ్లు తిరిగాయి, పుల్లప్ప చాలా వానలు చూడకుండానే లోపల ఉన్నాడు. మారినది ఒక్కటే: ఆ ఏటి నుంచి మా మంద రెండు వీధుల చేలలోనూ పడుకొన్నది.